గాలి చప్పుడు భయం: మాట వైద్యం, పాట తోడు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, లింకేజీ, రికవరీ లెక్కలు నివేదికలో ఉన్నాయి, చూసుకోండి. మేము ఇక్కడ నిలబడింది మా తప్పు ఒకటి చెప్పడానికి. ఆ అక్క పేరు చెప్పొద్దంది, విషయం మాత్రం చెప్పమంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన ఉద్దానం మీద పడింది. కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకూలాయో మీకు చెప్పక్కర్లేదు. మా సంఘంలో ఒక అక్క ఇంటి మీద కొబ్బరిచెట్టు పడింది. అత్తగారి కాళ్లు గోడ కింద ఇరుక్కుపోతే, మనుషులొచ్చేదాకా ఆ చీకట్లో చెయ్యి పట్టుకుని కూర్చుంది. అత్తగారు బతికారు. ఇల్లు మళ్లీ కట్టుకున్నారు. ఇంక అయిపోయిందనుకున్నాం.

ఆ తర్వాత ఏటా అక్టోబరు దగ్గర పడేసరికి అక్క మీటింగుకు రావడం మానేసేది. వాయిదా ఆగేది. ఒక్కరు కట్టకపోతే సంఘానికి సున్నా వడ్డీ పోతుందని మన భయం మనది కదా. నలుగురం ఇంటి మీదకెళ్లి గట్టిగానే అడిగాం. "తుపాను అందరికీ వచ్చింది, నీ ఒక్కదానికేనా?" అన్నాం. ఆమె పోట్లాడలేదు. తలుపేసుకుంది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ మాకు సిగ్గుగానే ఉంది.

అసలు సంగతి ఆశా చెల్లెలు చెబితే తెలిసింది. గాలి చప్పుడైతే చాలు ఒళ్లంతా చెమటలు, గుండె దడ. నిద్ర లేదు. ఆ రాత్రి కళ్ల ముందు మళ్లీ జరుగుతున్నట్టే ఉంటుందట. తోట వైపు అడుగు వెయ్యదు, పనికీ వెళ్లదు. పని లేకపోతే వాయిదా ఎక్కడిది?

అప్పుడు ఇంకో తెలివితక్కువ పని చేశాం. పాటలు వింటే మనసు తేలికవుతుందని చవితి పందిట్లో పెద్ద బాక్సుల పక్కన కూర్చోబెట్టాం. ఐదు నిమిషాలకే లేచి పరిగెత్తింది. ఆ దడదడ ఆమె చెవికి చెట్లు విరిగిన చప్పుడే.

చివరికి 14416కు ఫోన్ చేశాం. అది టెలీ మానస్, 2022లో మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు. వాళ్లు జిల్లా ఆసుపత్రికి వెళ్లమన్నారు. ఆపద దాటి నెల గడిచినా ఇలా వదలని భయాన్ని పీటీఎస్‌డీ అంటారని అక్కడ చెప్పారు. 1980లో అమెరికా డాక్టర్లు తమ జబ్బుల పుస్తకంలో ఈ పేరు చేర్చారట. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఎంతోమంది దీనితో బాధపడ్డారట. సైనికులకొచ్చే జబ్బు మన అక్కకొచ్చిందంటే మొదట మాకు నమ్మకం కుదరలేదు.

దీనికి ముఖ్యమైన వైద్యం మాటే. కౌన్సిలరమ్మ ఎదుట కూర్చుని, ఆ రాత్రి జరిగింది కొంచెం కొంచెంగా చెప్పాలి. చెప్పడం కష్టం. రెండోసారి వెళ్లొచ్చాక అక్క ఇక రానంది. అప్పుడే కౌన్సిలరమ్మ పాట సంగతి ఎత్తారు. ఏ పాట వింటే నీకు ఊపిరి నెమ్మదిస్తుందని అడిగారు. మేమంతా దేవుడి పాట చెబుతుందనుకున్నాం. ఆమె అడిగింది వాళ్లమ్మ పాడే ఊడ్పుల పాట! మేనకోడలు ఆ పెద్దావిడ దగ్గర కూర్చుని సెల్‌ఫోనులో రికార్డు చేసి తెచ్చింది.

చెప్పడానికి ముందు పది నిమిషాలు, చెప్పాక పది నిమిషాలు ఆ పాట చిన్నగా పెట్టుకుని వినాలి. ఊపిరి మెల్లగా వదలాలి. పడుకునే ముందు కూడా వినొచ్చు. కానీ చెబుతుండగా భయమేస్తే మాట ఆపేసి పాటలోకి పారిపోకూడదట. తప్పించుకునే కొద్దీ ఈ భయం ముదురుతుందని కౌన్సిలరమ్మ గట్టిగా చెప్పారు. పాట ఒక్కటే ఈ జబ్బు తగ్గించదు, డాక్టరిచ్చిన మాత్రలు మనంతట మనం ఆపకూడదు. ఒకరికి హాయిగా ఉన్న పాట ఇంకొకరికి ఆ రోజునే గుర్తుకు తేవచ్చు. అందుకే పాట ఎంచుకోవాల్సింది ఆమే, మనం కాదు.

ఆసుపత్రికి బస్సు చార్జీలు సంఘం నుంచే ఇచ్చాం. వంతులవారీగా ఒకరం తోడు వెళ్లాం. బయట బెంచీ మీద కూర్చునే వాళ్లం, లోపలి మాట అడిగేవాళ్లం కాదు. నాలుగు నెలలకు అక్క పనిలోకొచ్చింది. పోయిన అక్టోబరులో మీటింగుకూ వచ్చింది. గాలి గట్టిగా వీస్తే ఇప్పటికీ లేచి కూర్చుంటుంది, కానీ మళ్లీ పడుకుంటుంది. పాత వాయిదాల్లో రెండు ఇంకా బాకీ ఉన్నాయి.

మా గ్రామ సంఘం ఒక తీర్మానం రాసుకుంది. ఆపద వచ్చిన ఇంట్లో వాయిదా ఆగితే, ముందు నిద్ర పడుతోందా అని అడగాలి, తర్వాతే డబ్బు సంగతి. 14416 నంబరు సంఘం పుస్తకం అట్ట మీద రాయించాం. మిగతా గ్రామ సంఘాలు కూడా దీన్ని తీర్మానించాలని ఈ మహాసభ ముందు పెడుతున్నాం.

అన్నట్టు, ఈరోజు సభకు ముందు మైకులో పాటలెందుకు వెయ్యలేదని చాలామంది అడిగారు. వెయ్యొద్దని మేమే చెప్పాం.