సంగడమును కెటిల్‌బెల్లును
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



మన బాలురలో కొందఱు తిరుత్తణినుండి రైలెక్కి తిరువళ్లూరు వ్యాయామశాలలకు పోవుచున్నారనియు, అచట కెటిల్‌బెల్ అను ఇనుపగుండు ఎత్తుచున్నారనియు, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అను పోరాటక్రీడ నేర్తుమని పట్టుబట్టుచున్నారనియు మీలో పలువురు మాతో చెప్పియున్నారు. కొందఱు మాన్పింపుడనిరి. కొందఱు పోనిండు, సెల్‌ఫోను చూచుచు కూర్చుండుటకంటె మేలనిరి. ఈ రెండు మాటలలో దేనికిని మేము పూర్తిగా ఒప్పుకొనజాలము. కనుకనే ఈ ప్రసంగము.

ఆ క్రీడలో గ్రుద్దు కలదు, తన్ను కలదు, కుస్తీపట్టు కలదు, నేలపై పడిన పిదప పెనుగులాటయు కలదు. అయిదేసి నిమిషముల ఆవృత్తులు మూడు, నడుమ ఒక్కొక్క నిమిషము విరామము. బిరుదపు పోటీలైనచో అయిదు ఆవృత్తులు. 1993లో అమెరికాలోని డెన్వరు నగరమున ఆరంభమైన యూఎఫ్‌సీ పోటీలు దీనికి లోకప్రసిద్ధి తెచ్చినవి. 2024 జూనులో పూజా తోమర్ అను ఉత్తరప్రదేశపు యువతి ఆ పోటీలలో గెలిచిన తొలి భారతీయురాలైనది. కాబట్టి పిల్లల కోరిక ఉత్త పిచ్చి యని కొట్టివేయరాదు.

ఇక ఆ గుండు సంగతి. దీని పుట్టినిల్లు రష్యా. అచట దానిని గీర్యా యందురు. అంగళ్ళలో ధాన్యము తూచుటకు వాడిన పిడిగల తూనికగుండే అది. బలశాలులు సంతలలో దానిని ఎత్తి చూపగా క్రమముగా వ్యాయామసాధనమైనది. వారి కొలత పూడు. 16 కిలోలకు ఇంచుక ఎక్కువ. మన పెద్దలెఱిగిన చెన్నపురి మణుగు లెక్కను మణుగున్నరకు కొంచెము తక్కువ. నేటికిని 16, 24, 32 కిలోల గుండ్లు వాడుకలో నుండుటకు కారణమిదియే.

అయితే ఈ వస్తువు మనకు వింతయా? సాముచేయువారు ఎత్తు బరువునకు సంగడమని మన పాతమాట. త్రిప్పెడి కొయ్యలు లోడీలు. ఉత్తరాది మల్లులు పిడిగల రాతిని నాల్ అని పిలిచి ఎత్తుదురు. మన పల్లెలలో పండుగనాడు గుండెత్తుట, బండియిరుసెత్తుట పందెములుగా జరిగినవే. పేరు మాఱినది గాని పని మాఱలేదు.

ఆ పని యేమో చూతము. మోకాళ్ళనడుమ నుండి గుండును ఊపి ఱొమ్మెత్తునకు తెచ్చుట దీనిలో మొదటి పాఠము. చూచువారికి చేతులు ఎత్తుచున్నట్లుండును. నిజమునకు చేతులు త్రాళ్ళవంటివి; బలము తుంటికీలుది. వెన్ను వంచక, పెద్దలకు నమస్కరించునట్లు తుంటివద్ద మాత్రమే వంగి, చటుక్కున నిక్కవలెను. ఎదుటివానిని ఎత్తి పడవేయుటకును, పిడికిటిపోటులో బలము వచ్చుటకును ఈ తుంటి విసురే ఆధారము. గుండు బరువు పిడికి క్రిందుగా వ్రేలాడుచుండుటచే అది చేతిలో కుదురుగ నుండదు. పెనుగులాడు మనిషివలె లాగుచునే యుండును. అందుచే పిడికిటిపట్టు గట్టిపడును. వెల్లకిల పరుండి ఒంటిచేత గుండును పైకి నిలిపి, దానిని దింపకయే లేచి నిలువబడు అభ్యాసమొకటి కలదు. నేల కరచిన మల్లుడు లేచుట యెట్లో దానివలన తెలియును. ఇక ఊపిరి మాట: అయిదు నిమిషములు నిలువని బలము ఆ పోటీలో కొఱగాదు. దీనికి తిరుత్తణి కొండమెట్లకంటె మంచి సాధన మేమున్నది? అవి 365 అని ప్రసిద్ధి. డబ్బు పెట్టవలసిన పనిలేదు.

వీరఘట్టమున పుట్టిన కోడి రామ్మూర్తినాయుడుగారు వ్యాయామశిక్షణ పొందినది మన చెన్నపురి సైదాపేటలోనే. పిమ్మట విజయనగరమున బడిపిల్లలకు వ్యాయామము నేర్పిరి. ఱొమ్మునకు గొలుసు చుట్టించుకొని ఊపిరి బిగబట్టి త్రెంపినవారు, ఏనుగును ఱొమ్ముపై నిలిపినవారు, శాకాహారి. మాంసము పెట్టనిదే బలము రాదని పిల్లలు మారాము చేసినచో ఈ పేరు చెప్పుడు.

బరువెత్తిన పిల్లలు పొట్టివారగుదురని మీ భయము. తెలిసినవారి కనుసన్నలలో తగినంత బరువుతో చేసిన సాము ఎదుగుదలను ఆపదని వైద్యులు చెప్పుచున్నారు. చెఱుపు చేయునది తొందర. మొదట బరువులేకయే తుంటి వంపు నేర్వవలెను. పిదప నాలుగు కిలోలు, ఎనిమిది కిలోలు. వెన్ను గూనిపోయిన క్షణముననే గుండు దింపవలెను. స్నేహితుడెత్తెనని 24 కిలోలకు చేయి చాచు బాలుని మేము ఇంటికి పంపివేయుదుము. ఆడపిల్లలకును ఇదే నియమము, ఇదే సాము.

తలపై దెబ్బలు మాత్రము వేఱు సంగతి. పిల్లలకు ముష్టియుద్ధము తగదని అమెరికా, కెనడా దేశముల బాలవైద్యుల సంఘములు 2011లో స్పష్టముగా ప్రకటించినవి. మెదడు గుండువలె మరల పోతపోయదగినది కాదు. కనుక కుస్తీపట్లు, సాము మేము నేర్పుదుము. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలచే తలపై గ్రుద్దులాట ఆడింపము. ఇందుకు కొందఱు బాలురు మాపై అలిగియున్నారు. అలుగనిండు.

మఱియొక మాట. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. నాటినుండి బడిలోను కచేరిలోను మన మాట కుంచించుకొనిపోయిన సంగతి మీకు తెలియనిది కాదు. సాము, గరిడీ, సంగడము, బస్కీ అను మాటలు తాతలతోనే పోవుచున్నవి. నేటి బాలునకు స్వింగ్ తెలియును, తమిళమున కర్లాకట్టై తెలియును, రెండును నేర్వదగినవే. తెలుగున మాత్రము తన యొంటిని గూర్చి చెప్పుకొన మాటలేదు. అందుచే మా తరగతిలో ఊపు, ఎత్తు, నిలుపు, దింపు అనియే ఆజ్ఞలిచ్చుచున్నాము. నడుము, తుంటి, మడమ, ముంజేయి అని అవయవముల పేర్లు పలికించుచున్నాము. నెల తిరుగునప్పటికి పిల్లలు ఒకరి తప్పు నొకరు తెలుగుననే దిద్దుకొనుచున్నారు.

మీ యిండ్లలో, పెరటిలోనో వాకిటిమెట్టు క్రిందనో, తాతలెత్తిన రాతిగుండుగాని లోడీలుగాని పడియున్నచో దయచేసి కబురంపుడు. మేమే వచ్చి తూచి, బరువు వ్రాసికొందుము. ఇంటి పెద్దలు దానిని ఏ పేరున పిలిచిరో, ఎట్లెత్తిరో పిల్లలచే అడిగించి, వచ్చు సంవత్సరపు సంచికలో ఆ వివరములు అచ్చువేయింతుము.