నాళములేని గ్రంథులు



పత్తికొండ ప్రాంతపు రైతులకు నేను శరీరశాస్త్రము బోధింపబూనుట సాహసముగా తోచవచ్చును. కాని ఆ శాస్త్రములో నొక ముఖ్యాధ్యాయము మీకు పుస్తకము లేకయే తెలిసియున్నది. కోడెకు విత్తులు నొక్కించినచో ఏమగునో ఎరుగని రైతు లేడు. మూపురము అంతగా పెరుగదు, మెడ బలియదు, కొమ్ము విసరుట మానును, కాడికి లొంగును. నొక్కినది ఒకచోట; మార్పు కలిగినది మెడకు, మూపురమునకు, స్వభావమునకు. ఈ రెంటికిని నడుమ వార్త మోసినవా డెవడు?

1849లో జర్మనీదేశమున గొటింగెన్ నగరములో బెర్టోల్డ్ అను పండితుడు ఈ ప్రశ్నను కోడిపుంజుల నడిగెను. విత్తులు తీసిన పిల్లపుంజులు పెద్దవై కూడ తురాయి పెరుగక, పోరక, కూయక యుండెను. తీసిన విత్తును కడుపులో వేరొకచోట నాటిన పుంజులు మాత్రము మామూలుగనే పెరిగి కూసెను. నాటిన విత్తునకు పాత నరముల పొత్తు తెగిపోయినది గదా. ఇక వార్త మోయగలిగినది రక్తమే. ఇట్లు రక్తముద్వారా ఆజ్ఞ మోయు పదార్థములకు 1905లో స్టార్లింగ్ అను ఆంగ్లపండితుడు హార్మోన్ అని పేరిడెను. గ్రీకుభాషలో పురికొల్పునది యని అర్థము. ప్రేరకము అను మన మాట దీనికి చక్కగా సరిపోవునని నా అభిప్రాయము; కాని లోకమంతయు హార్మోన్ అనుచున్నది గాన మనమును అట్లే అందము.

లాలాజలగ్రంథికి కాలువ యున్నది. దాని రసము నోటిలోనే పడును. నేను చెప్పుచున్న గ్రంథులకు కాలువలు లేవు. తమ రసమును నేరుగా రక్తములో విడుచును. రక్తము ఒడలంతయు తిరుగును గదా, మరి అన్ని అవయవములును ఆ ఆజ్ఞకు ఏల కదలవు? పూర్వము తలారి తప్పెట కొట్టి, శిస్తు బాకీదారులు చావడికి రావలెనని చాటుట మీలో కొందరు వినియుందురు. చాటింపు అందరి చెవిని పడెడిది. లేచి కదలువారు బాకీదారులే. అట్లే ఏ కణమునకు ఆ హార్మోనును పట్టుకొను గ్రాహకము కలదో ఆ కణమే కదలును.

మెదడు అడుగున శనగగింజయంత పీయూషగ్రంథి యున్నది. అది ఇతర గ్రంథులలో పెక్కింటికి పెత్తందారు. మూత్రపిండముల నెత్తిన టోపీలవలె నుండునవి అధివృక్కములు. చీకటిలో కాలిదగ్గర పాము కదలినప్పుడు గుండె దడదడలాడించి మనలను వెనుకకు ఎగిరింపజేయు ఎడ్రినలిన్ వీనిదే. క్లోమము ఇన్సులినును చేయును. అది కొరవడినను, దేహము దానిని లక్ష్యపెట్టకున్నను మధుమేహము వచ్చును. మూత్రమునకు చీమలు పట్టుట మన పూర్వవైద్యులు గుర్తించిరి. కాని ఇన్సులినును మనుష్యునకు ఎక్కించి ప్రాణము నిలిపినది 1922లో, టొరాంటో నగరమున, 14 ఏండ్ల బాలునకు.

నేను నేడు నిలువదలచినది కంఠమున శ్వాసనాళము ముందు సీతాకోకచిలుక రెక్కలవలె అంటియుండు అవటుగ్రంథి యొద్ద. థైరాయిడ్ అనినచో మీ ఇండ్ల ఆడవారు వెంటనే గుర్తింతురు. ఇది చేయు థైరాక్సిన్ పొయ్యికి ఊదుగొట్టము వంటిది. ఎక్కువైనచో మంట రేగి గుండె పరుగెత్తును. ఎంత తిన్నను మనిషి చిక్కిపోవును. తక్కువైనచో నివురు గప్పును. చలికి ఓర్వలేకపోవుట, ఎడతెగని నిద్ర, ముఖము ఉబ్బుట, జుట్టు రాలుట, గొంతు బొంగురుపోవుట దాని గురుతులు.

ఈ గ్రంథికి ముడిసరుకు అయోడిన్. పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు చాలును. ఏడాదికి వలసినదంతయు కూడినను గురివిందగింజ బరువులో సుమారు సగమే. ఆ కొంచెమును దొరకనిచో పీయూషగ్రంథి ఇంకను చేయుము, ఇంకను చేయుమని అదలించును. ఎండిన బావిలో కపిల తోలుచు ఎద్దులను కొట్టిన నీరు వచ్చునా? గ్రంథి మాత్రము ఆ అదలింపునకు పెరిగి పెరిగి మెడక్రింద గడ్డయగును. ప్రాచీనులు గళగండమనినది దీనినే.

దీనిని ఉప్పుతో నివారింపవచ్చునని మన దేశమున రుజువు చేసినవారిలో ముఖ్యుడు తెలుగువాడే. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించిన వులిమిరి రామలింగస్వామి గారు, 1956 నుండి హిమాలయ పాదమున కాంగ్రాలోయలో లక్షమంది ప్రజలున్న ప్రాంతమును మూడు భాగములుగా పంచి పరిశీలన జరిపించిరి. రెండు భాగములకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి వట్టి ఉప్పు పంపిరి. కొన్ని ఏండ్లలో అయోడిన్ అందినచోట గళగండము బాగుగా తగ్గెను. వట్టి ఉప్పు తిన్నచోట తగ్గలేదు. 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమము మొదలైనది. ఇది కొండప్రాంతపు వ్యాధి యని మొదట తలచిరి గాని, పిమ్మట మైదానములలోను అయోడిన్ లోపము కనబడినది.

కనుకనే పశువులకు, ఊరగాయలకు తెచ్చిన బస్తా కల్లుప్పునే కూరలోను వేయు ఇండ్లవారికి నా మనవి: వంటకు మాత్రము అయోడిన్ కలిసినదని వ్రాసియున్న ఉప్పునే కొనుడు. మూత గల జాడీలో, పొయ్యి సెగకు దూరముగ నుంచుడు. తేమకును వేడికిని అయోడిన్ క్షీణించును.

అయితే ఉప్పు సరిగా తిన్నవారికిని ఈ మాంద్యము రావచ్చును. దేహమును కాపాడవలసిన బలమే ఈ గ్రంథిపై తిరుగబడుట కలదు. అది ఆడవారిలో మెండు. నేనెరిగిన యొక ఇంట కోడలు పొద్దెక్కినను లేవదని, సోమరి యని, ఆమెను పుట్టింటికి పంపివేయుటకు పెద్దమనుషులను పిలిచిరి. అందరును సోమరితనమును గూర్చియే మాటలాడుచుండగా, అరుగుమీది ముసలమ్మ యొకతె, "ఏమప్పా, సోమరిదైతే గొంతెందుకు మారుతాది? మొగం జూడండి, ఎట్ల ఉబ్బిండాదో!" అనెను. నేను చదివిన తర్కగ్రంథములలో ఇంతకంటె గట్టి ప్రశ్న లేదు. ఆదోనిలో రక్తపరీక్ష చేయించిరి. థైరాక్సిన్ కొరవడినదని తేలెను. దినమున కొక చిన్న మాత్ర, పరగడుపున, కాఫీకి అరగంట ముందుగా. కొన్ని నెలలకు ఆ అమ్మాయి తెల్లవారకమునుపే లేచి కళ్లాపి చల్లుచుండెను. ఒళ్లు తేలికపడినదని ఇట్టి మాత్రను తమంతట తాము మానరాదు. వైద్యుడు చెప్పినంతకాలము వాడవలెను.

పసిబిడ్డల సంగతి ఇంతకంటె తొందరపడవలసినది. కొందరికి పుట్టుకతోనే ఈ గ్రంథి యుండదు, లేక పనిచేయదు. మొదట బిడ్డ చూచుటకు బాగుగనే యుండును. ఏడుపు తక్కువ, నిద్ర ఎక్కువ; ఎంత నెమ్మదైన బిడ్డ యని ఇంటివారు సంతసింతురు. పుట్టిన కొలది వారములలోనే మాత్ర మొదలిడినచో బుద్ధి తోటిపిల్లలతోపాటు వికసించును. నెలలు గడచినచో పోయిన బుద్ధిని మరల తేలేము. మడమనుండి తీసిన కొన్ని చుక్కల నెత్తురుతో ఈ లోపము తెలియును. ప్రసవము ఆదోనిలో నైనను కర్నూలులో నైనను, ఇంటికి బండి ఎక్కకమునుపే ఆ పరీక్ష జరిగినదా, లేనిచో ఎక్కడ చేయింపవలెను అని వైద్యుల నడుగుడు. తండ్రి హడావుడిలో మరచినచో తాత అడుగవచ్చును.