ట్రాక్టరు పుస్తకం పారేయకండి

(గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



జమాఖర్చులు చదవడం, బోనసు ప్రకటించడం పూర్తయింది. ఇక ఇన్‌స్పెక్టరు లేచాడంటే బకాయిల మాటో, రిజిస్టర్ల మాటో ఎత్తుతాడని మీరు అనుకుంటూ ఉంటారు. ఈ రోజు ఆ రెండూ ఎత్తను. పాత చిన్న ట్రాక్టర్ల గురించి, వాటితో పాటు కంపెనీవారు ఇచ్చిన పుస్తకాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను మెకానిక్కును కాను. సహకార డిప్లొమా చదివి, ముప్పై ఏళ్లుగా సంఘాల లెక్కలు తనిఖీ చేస్తున్నవాణ్ణి. అయితే పుస్తకం చేతిలో లేకపోతే ఏం జరుగుతుందో నాకు మా ఇంట్లోనే తెలిసింది.

ఈ ఉదయం బస్సు దిగి సంఘం భవనానికి నడిచి వస్తూ దారిలో మూడు పాత ట్రాక్టర్లు చూశాను. ఒకటి పచ్చగడ్డి మోపులు తెస్తోంది. ఒకటి చాఫ్ కట్టరును తిప్పుతోంది. మూడోది వేపచెట్టు కింద ఉంది, దాని సీటు మీద కోడి పడుకుని ఉంది. ఇద్దరు యజమానులను ఆగి పలకరించి, దీని పుస్తకం ఉందా అండీ అని అడిగాను. ఒకాయన నవ్వి, "నలభై ఏళ్ల బండికి పుస్తకమేమిటండీ, మెకానిక్కు ఉన్నాడుగా" అన్నారు. రెండో ఆయన, "మొన్న దసరాకు ఇల్లు సర్దుతూ పాత కాగితాలవాడికి వేసేశామండీ" అన్నారు. అందుకే ఈ విషయం ఎత్తుకున్నాను.

ఇవాళ పెద్ద ట్రాక్టర్లు ఎన్ని వచ్చినా, నాలుగు గేదెలు, మూడెకరాల పొలం ఉన్న రైతుకు పాతిక హార్సుపవరు పాత బండి ఇంకా పనికొస్తూనే ఉంది. గడ్డి తేవడానికి, పేడ తోలడానికి, చాఫ్ కట్టరు తిప్పడానికి అది చాలు. దాని అప్పు ఏనాడో తీరిపోయింది. అటువంటి బండి పాత ఇనుము కింద పోతే, దాని స్థానంలో కొత్తది కొనడం ఎంత భారమో మీకు నేను చెప్పనవసరం లేదు.

మన పని నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. ఇప్పుడు పాల సంఘాల్లో మిల్క్ ఎనలైజర్లు వచ్చాయి గాని, గెర్బర్ పద్ధతిలో వెన్న శాతం తీసినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. బ్యుటిరోమీటరులో గంధకామ్లం 10 మిల్లీలీటర్లు, పాలు 10.75 మిల్లీలీటర్లు, ఎమైల్ ఆల్కహాలు 1 మిల్లీలీటరు పోయాలి. ఏ టెస్టరైనా "కంటి అంచనాతో పోశానండీ" అంటే మీరు ఊరుకుంటారా? సగం పాయింటు తగ్గినా ధర తగ్గుతుందని నిలదీస్తారు. మరి ట్రాక్టరు ఇంజనుకూ అటువంటి కొలతలే ఉన్నాయి. ట్యాపెట్ల సందు ఎంత ఉండాలి, అది ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలా వేడిగా ఉన్నప్పుడా, హెడ్డు నట్లు ఏ వరుసలో ఎంత బిగువుతో బిగించాలి, ఏ పెట్టెలో ఏ నూనె ఎన్ని లీటర్లు పోయాలి అనేవన్నీ కొలతలే. వాటిని మాత్రం అంచనాకు వదిలేస్తున్నాం.

ఇక మా ఇంటి సంగతి. 1979లో మా నాన్నగారు భూమి తనఖా బ్యాంకు అప్పుతో పాతిక హార్సుపవరు ట్రాక్టరు కొన్నారు. అప్పటికి నాకు పదేళ్లు. బండితో పాటు ఒక పుస్తకం ఇచ్చారు. అది ఇంగ్లీషులో ఉంది. నాన్నగారు చదివింది నాలుగో తరగతి. పిల్లలు చింపుతారని అమ్మ దాన్ని గుడ్డలో చుట్టి, పొలం దస్తావేజులతో పాటు ట్రంకు పెట్టె అడుగున పెట్టింది. ఆ తర్వాత దాన్ని అందరం మరిచిపోయాం.

1996లో దమ్ము రోజుల్లో ఒక సాయంత్రం రేడియేటరులో నీళ్లు మరిగి, హెడ్డు గ్యాస్కెట్టు పోయింది. మెకానిక్కు వచ్చి కొత్త గ్యాస్కెట్టు వేశాడు. పనిమంతుడే, అబద్ధం చెప్పకూడదు. కాని ఆ మోడలు కొలతలు అతనికి తెలియవు. ఈ చివర నుంచి ఆ చివరకు వరుసగా, చేతి బలం కొద్దీ నట్లు బిగించాడు. నాలుగు రోజులకు గ్యాస్కెట్టు మళ్లీ పోయింది. మళ్లీ వేశాడు. మళ్లీ పోయింది. మూడోసారి విప్పి చూస్తే హెడ్డు వంగి ఉంది. అదను దాటిపోతోంది. అద్దె ట్రాక్టరుతో దమ్ము చేయించుకున్నాం. ఆ అద్దెకూ, రిపేరు బాకీలకూ కలిపి రెండు చూడి గేదెలను అమ్మారు. మరుసటి వేసవిలో ట్రాక్టరును పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేశారు.

మూడేళ్ల తర్వాత పొలం సరిహద్దు విషయమై దస్తావేజులు కావలసి పెట్టె తీస్తే, అడుగున ఆ పుస్తకం కనిపించింది. ఒక్క పేజీ కూడా నలగలేదు. అందులో హెడ్డు బొమ్మ వేసి, ప్రతి నట్టు పక్కన అంకె వేసి ఉంది. మధ్య నట్టుతో మొదలుపెట్టి, అటూ ఇటూ మారుస్తూ బయటకు రావాలని, ఒక్కసారిగా గాక విడతలుగా బిగించాలని, ఇంజను కొంత నడిచాక మళ్లీ చూడాలని రాసి ఉంది. నాన్నగారికి తెలుగులో చదివి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది అప్పుడు చదివి ఉంటే గేదెలు మిగిలేవిరా" అన్నారు.

తప్పు మెకానిక్కుది కాదు, అమ్మది అసలే కాదు. 1996 నాటికి నేను ఉద్యోగంలో ఉన్నాను. ఊరూరా తిరిగి, ఏదీ క్యాష్ బుక్కు, ఏదీ స్టాకు రిజిస్టరు అని అడిగేవాణ్ణి. మా ఇంట్లో ఏదీ ట్రాక్టరు పుస్తకం అని మాత్రం అడగలేదు. ఈ మాట మీ ముందు ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మీలో ఎవరికీ ఆ నష్టం జరగకూడదనే చెబుతున్నాను.

పుస్తకం పోతే కంపెనీని అడగవచ్చు కదా అని మీరు అనవచ్చు. కొన్నిటికి అడగవచ్చు. కాని కంపెనీలు కూడా ఎల్లకాలం ఒకే తీరున ఉండవు. ఐషర్ ట్రాక్టర్లు 1959లో ఫరీదాబాదులో మొదలయ్యాయి. 2005లో ఆ ట్రాక్టర్ల వ్యాపారం మద్రాసు టాఫే వారి చేతికి వచ్చింది. దుర్గాపూరులోని కేంద్ర పరిశోధన సంస్థ రూపొందించిన నమూనాతో పంజాబు ట్రాక్టర్సువారు 1974లో స్వరాజ్ ట్రాక్టరును విడుదల చేశారు. 2007లో ఆ కంపెనీని మహీంద్రావారు తీసుకున్నారు. ఈ రెండు పేర్లూ ఇంకా నడుస్తున్నాయి కనుక డీలరును అడిగే వీలుంది. హెచ్.ఎం.టి. సంగతి వేరు. చెకోస్లొవేకియావారి జెటార్ ట్రాక్టరు నమూనాతో 1971లో హర్యానాలోని పింజోరులో 25 హార్సుపవరు బండ్లతో ఆ తయారీ మొదలైంది. 2016లో ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆ బండ్లు పొలాల్లో ఉన్నాయి. వాటి పుస్తకాలను మళ్లీ అచ్చు వేసే ఫ్యాక్టరీ మాత్రం లేదు. కాబట్టి ఎవరి ఇంట్లో ఆ పుస్తకం ఉన్నదో, వారి చేతిలోనే ఆ విద్య మిగిలి ఉన్నదన్న మాట.

కాగితాలు నిలిస్తే యంత్రాలు ఎంతకాలం నిలుస్తాయో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మన ట్రాక్టర్ల వెనుక నాగలి తగిలించి హైడ్రాలిక్‌తో ఎత్తే మూడు బిందువుల అమరిక ఉంది చూశారా, దాన్ని వాడుకలోకి తెచ్చినవాడు హారీ ఫెర్గూసన్. ఆయన పేరుతో ఇంగ్లండులోని కోవెంట్రీలో 1946 నుంచి 1956 వరకు టి.ఇ.-20 అనే చిన్న బూడిదరంగు ట్రాక్టరు 5 లక్షలకు పైగా తయారైంది. ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరుకున్నది ఆ ట్రాక్టర్ల మీదనే. తయారీ ఆగి దాదాపు 70 ఏళ్లయినా ఆ బండ్లను ఇప్పటికీ నడుపుతున్నవారున్నారు. వాటి పుస్తకాలను, విడిభాగాల జాబితాలను అక్కడి రైతులు, అభిమానులు జాగ్రత్త చేసుకోవడం అందుకు ఒక ముఖ్య కారణం. రెడింగ్ విశ్వవిద్యాలయంలోని గ్రామీణ జీవన మ్యూజియంలో వ్యవసాయ యంత్రాల కంపెనీల కాగితాలను దస్తావేజుల్లా భద్రపరుస్తున్నారు. మనకు మ్యూజియం అక్కరలేదు. సంఘం బీరువాలో ఒక అర చాలు.

ట్రాక్టరు పుస్తకాలు మూడు రకాలని గుర్తుంచుకోండి. యజమానికి ఇచ్చేది నడపడం, రోజువారీ సంరక్షణ, ముఖ్యమైన కొలతలు చెబుతుంది. వర్క్‌షాపు పుస్తకం విప్పి బిగించడం చెబుతుంది. విడిభాగాల క్యాటలాగు ప్రతి భాగానికీ నంబరు చెబుతుంది. పట్నం వెళ్లి "ఇటువంటి బేరింగు ఇవ్వండి" అని అరిగిపోయిన ముక్కను చూపించడానికీ, నంబరు చెప్పి అడగడానికీ చాలా తేడా ఉంది.

యజమాని పుస్తకంలో ఉండే మూడు విషయాలు చెబుతాను. మొదటిది, నూనె తొట్టి ఉన్న ఎయిర్ క్లీనరు. అందులో నూనె గీత వరకే పోయాలి. తక్కువైతే దుమ్ము ఇంజనులోకి పోయి లైనర్లు అరుగుతాయి. ఎక్కువైతే ఆ నూనెనే ఇంజను పీల్చుకుంటుంది. రెండవది, డీజిలు పూర్తిగా అయిపోయి బండి ఆగితే, మళ్లీ డీజిలు పోసినంత మాత్రాన నడవదు. ముందు ఫిల్టరు దగ్గర, తర్వాత పంపు దగ్గర స్క్రూలు వదులు చేసి గాలి తీయాలి. ఏ స్క్రూ ఎక్కడ ఉన్నదో బొమ్మలో ఉంటుంది. ఇది తెలియక సెల్ఫు కొట్టి కొట్టి బ్యాటరీ పోగొట్టుకునేవారున్నారు.

మూడవది అక్కచెల్లెళ్లు ప్రత్యేకంగా వినాలి. చాఫ్ కట్టరును తిప్పే వెనుక షాఫ్టు, అదే పి.టి.ఓ., నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 చుట్లు. చీర కొంగు గాని, తువ్వాలు గాని తగిలితే, చేయి వెనక్కు తీసుకునే వ్యవధి ఉండదు. దాని మీద కవచం ఉండాలని, అది తిరుగుతుండగా దగ్గరకు పోకూడదని, గడ్డి ఇరుక్కుంటే ముందు ఇంజను ఆపాలని ఈ పుస్తకాల్లో హెచ్చరిస్తారు. ఈ ఉదయం నేను చూసిన బండికి ఆ కవచం లేదు. ఆ యజమాని ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పను. ఇంటికి వెళ్లగానే ఆ పని చేయించమని వేడుకుంటున్నాను.

ఇక పుస్తకాన్ని ఎలా కాపాడాలి? అసలు పుస్తకాన్ని షెడ్డులో ఉంచకండి. జిరాక్సు తీయించి, ఆ ప్రతిని షెడ్డులో ఉంచండి. గ్రీజు చేతులతో తిప్పినా నష్టం లేదు. చిరిగిన పేజీకి సెల్లోటేపు అంటించకండి. కొన్నాళ్లకు అది పసుపుపచ్చగా మారి అక్షరాలను తినేస్తుంది. అసలు పేజీలకు ప్లాస్టిక్ లామినేషన్ కూడా వద్దు. తుప్పుపట్టిన పిన్నులు మెల్లగా తీసి దారంతో కుట్టండి. నేల మీద, తడిగోడ పక్కన పెట్టకండి. చెదలు మొదట పట్టేది అక్కడే. ఇంట్లో ఫోనున్న పిల్లలుంటే, నీడపట్టున మంచి వెలుతురులో అట్ట నుంచి అట్ట దాకా ఒక్కొక్క పేజీ ఫోటో తీయించండి. మోడలు పేరు, అచ్చయిన సంవత్సరం ఉన్న పేజీని వదిలేయకండి. పెద్దలు పెన్సిలుతో రాసుకున్న గుర్తులుంటే చెరపకండి. ఏ సంవత్సరం ఏ భాగం మార్చారో ఆ రాతల్లోనే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పేరు ఒకటైనా మోడలు మారితే కొలతలు మారుతాయి. పక్కింటివారి పుస్తకం తెచ్చుకునే ముందు, బండి మీది రేకు చూసి మోడలు, ఇంజను నంబరు సరిపోల్చుకోండి.

పుస్తకం ఎక్కడా దొరకనివారికి ఒక దారి ఉంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో కేంద్ర ప్రభుత్వ ట్రాక్టరు శిక్షణ, పరీక్షా సంస్థ 1955 నుంచి ఉంది. అక్కడ పరీక్షించిన ట్రాక్టర్ల నివేదికల్లో ఇంజను వివరాలు, కొలతలు ఇస్తారు. యజమాని పుస్తకానికి అది సాటి రాదు గాని, ఏమీ లేని చోట ఎంతో మేలు. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ అటువంటి కేంద్ర సంస్థ ఉంది. పాత బండి నడిపేవారి పిల్లలను అక్కడి శిక్షణకు పంపే విషయం కూడా ఆలోచించండి.

చివరిగా పాలకవర్గానికి నా మనవి. ఈ సమావేశంలోనే ఒక తీర్మానం చేయండి. ఒక రిజిస్టరు తెరిచి, సభ్యుల ఇళ్లలో ఏ ట్రాక్టరు ఉంది, ఏ మోడలు, ఏ సంవత్సరం, పుస్తకం ఉన్నదా లేదా అని రాయించండి. ఉన్నవాటికి ఒక్కొక్క ప్రతి తీయించి సంఘం బీరువాలో పెట్టండి. అసలు పుస్తకం యజమానిదే, దాన్ని తిరిగి ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. అవసరమైన సభ్యునికి ప్రతి ఇచ్చి, వారం రోజుల్లో తిరిగి తీసుకోండి. దీనికయ్యే ఖర్చు జిరాక్సు ఖర్చే. ఒకరి పాలతో డెయిరీ నడవదు, అందరి పాలూ కలిస్తే నడుస్తుంది. పుస్తకాల విషయమూ అంతే.

మొదటి పుస్తకం నేనే ఇస్తున్నాను. మా నాన్నగారి ట్రాక్టరు పుస్తకం ప్రతి ఇది. హెడ్డు బిగించే పేజీని తెలుగులో రాసి జత చేశాను. ఆ బండి మా ఇంట్లో లేదు. అదే మోడలు బండి ఒకటి మీ ఊరి వేపచెట్టు కింద ఉంది. దాని యజమాని సమావేశం అయ్యాక ఒకసారి నన్ను కలవమని కోరుతున్నాను.