కుక్కకాటు – రేబిస్ వైరస్ రకాల పరిశోధన మనకు నేర్పిన పాఠాలు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రేబిస్ వైరస్‌లో ఎన్ని రకాలున్నవి, వాటిని పరిశీలించడం వల్ల ఆ రోగం గురించి ఏం తెలిసింది అన్నది ఈ రోజు మాకిచ్చిన విషయం. "వైరస్ సంగతి డాక్టర్లకు కావాలె గాని మాకెందుకు?" అని కొందరు అనుకోవచ్చును. కాని కుక్క కరిచిన పిల్లవాడిని దవాఖానకు తీసుకపోవడానికి మన ఇండ్లలో నేటికీ వెనుకాడుతున్నారంటే దానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం. రెండవది, "అది పిచ్చికుక్క కాదులే" అన్న ధీమా. ఈ రెండింటికీ జవాబు ఆ పరిశోధనలోనే ఉన్నది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా రోగం నడక చూద్దాం. పిచ్చి పట్టిన జంతువు చొంగలో ఈ వైరస్ ఉంటుంది. కాటు గుండా ఒంట్లోకి వచ్చి, నరాల వెంబడి మెల్లగా మెదడు వైపు పాకుతుంది. సాధారణంగా దీనికి ఒకటి నుండి మూడు నెలలు పడుతుంది. కాటు ముఖం మీదనో మెడ మీదనో అయితే దారి దగ్గర కనుక త్వరగా చేరుతుంది. మెదడుకు చేరి, నీళ్ళు చూస్తే బెదిరిపోవడం మొదలైన తరువాత దాదాపు ఎవరూ బతకరు. కాని దారిలో ఉన్నన్నాళ్ళూ దానిని ఆపవచ్చును. మన చేతిలో ఉన్న గడువు అదే.

ఈ గడువును వాడుకొనే ఉపాయం కనుగొన్నవాడు ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చర్. ఆ రోజుల్లో వైరస్‌ను కంటితో చూసినవారు లేరు. ఆయన పిచ్చికుక్క మెదడులోని విషాన్ని కుందేలుకు ఎక్కించి, ఆ కుందేలు నుండి ఇంకొక కుందేలుకు, ఇట్లా వరుసగా ఎక్కిస్తూ పోయినాడు. కొంతకాలానికి దాని తీరు మారింది. వీధికుక్కలోని వైరస్ ఎప్పుడు రోగం తెస్తుందో చెప్పలేము. ఈ కుందేలు వైరస్ మాత్రం సుమారు ఏడు రోజులకే, లెక్క తప్పకుండా తెచ్చేది. మొదటిదానికి వీధి వైరస్ అనీ, రెండవదానికి స్థిర వైరస్ అనీ పేర్లు వచ్చినవి. ఒకే రోగపు వైరస్‌లో రెండు రకాలను వేరుచేసి చూడడం అట్లా మొదలైంది. కుందేలు వెన్నుపామును ఎండబెట్టి, దాని బలం తగ్గించి, 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేండ్ల పిల్లవాడికి పాశ్చర్ సూదులు వేయించినాడు. పిల్లవాడు బతికినాడు.

ఇక మన పెద్దలు భయపడిన పద్నాలుగు సూదుల సంగతి. 1911లో డేవిడ్ సెంపుల్ అనే డాక్టరు మన దేశంలోని కసౌలీలో ఇంకొక టీకా తయారుచేసినాడు. స్థిర వైరస్‌ను గొర్రె మెదడులో పెంచి, ఫినాల్ కలిపి చంపి చేసేవారు. హైదరాబాదులో నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలోనూ ఈ పద్ధతిలోనే టీకా తయారయ్యేది. మన జిల్లాల పెద్దలకు నారాయణగూడ అనగానే కుక్కకాటు సూదులు గుర్తుకు వచ్చేది అందుకే. ఆ టీకా ఎన్నో ప్రాణాలు కాపాడింది. కాని అందులో గొర్రె మెదడు పదార్థం ఉండడం వల్ల కొందరికి పక్షవాతం వంటి బాధలు వచ్చేవి. కడుపు మీద రోజుకొక సూది బాధ అందరికీ ఉండేది. కాబట్టి భయం ఊరికే పుట్టలేదు.

కాని అక్కా, చెల్లే, ఆ టీకా ఇప్పుడు లేదు. మన దేశంలో 2004లో దానిని ఆపివేసినారు. ఇప్పటి టీకా ప్రయోగశాలలో పెంచిన కణాలలో తయారవుతుంది. హైదరాబాదుకు చెందిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ వారి అభయ్‌రాబ్ అటువంటిదే. సూది చేతికే వేస్తారు. డాక్టరు ఎంచుకున్న పద్ధతిని బట్టి నాలుగైదుసార్లు పోవలసి ఉంటుంది. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ వేయవచ్చును. పథ్యం ఏమీ లేదు.

రకాల పరిశోధనలో తరువాతి మెట్టు 1978లో పడింది. అంతవరకు రేబిస్ వైరస్ లోకమంతటా ఒకటే అనుకునేవారు. అమెరికాలోని విస్టార్ సంస్థలో విక్టర్, కాప్రౌస్కీ అనే శాస్త్రజ్ఞులు మోనోక్లోనల్ యాంటీబాడీలతో పరీక్షించి, వాటిలో తేడాలున్నవని చూపించినారు. మన మాటలో చెప్పాలంటే, కరీంనగర్ ఉర్దూ ఒక తీరు, ఆదిలాబాద్ వైపు మరాఠీ కలిసిన ఉర్దూ ఒక తీరు, హైదరాబాద్ పాతబస్తీ ఉర్దూ ఇంకొక తీరు. నాలుగు మాటలు వింటే మనిషి ఏ ఊరివాడో చెప్పేస్తాం. భాష మాత్రం ఒక్కటే. వైరస్ రకాలూ అంతే. తేడా చూసి అది కుక్కల నుండి వచ్చిందా, నక్కల నుండి వచ్చిందా, గబ్బిలాల నుండి వచ్చిందా అని చెప్పగలరు. అయినా రేబిస్ వైరస్‌లోని ఈ రకాలన్నిటినీ ఇప్పటి టీకా ఆపుతుంది.

ఈ వైరస్‌కు ఐదే జన్యువులు. దాని పైపొర మీద ఉండే ప్రొటీను సుమారు 500 పూసల దండ వంటిది. అందులో 333వ పూస ఒక్కటి మారితే, పెద్ద ఎలుకలను చంపే శక్తి వైరస్‌కు పోతుందని 1983లో తేలింది. ఈ తెలివితోనే, అడవి నక్కలు తినే ఎరలో పెట్టే టీకాకు బలహీనపు వైరస్ రకాలను తయారుచేసుకున్నారు.

మన దేశం సంగతి చూడండి. ఇక్కడ ఎక్కువగా కనబడేది ఆర్కిటిక్‌ను పోలిన వంశం అని పిలిచే రకం. దక్షిణాదిలోనూ, శ్రీలంకలోనూ భారత ఉపఖండ వంశం అనే ఇంకొక రకం కూడా ఉన్నది. పశువుల నుండి, అడవి జంతువుల నుండి తీసిన వైరస్‌లను పరీక్షిస్తే, ఆ ప్రాంతపు కుక్కలలోని రకమే వాటిలోనూ కనబడింది. అంటే ఆదిలాబాద్ అడవుల అంచున నక్క కరిచినా, ముంగిస కరిచినా, ఇంట్లో బర్రెకు పిచ్చి వచ్చినా, మూలం చాలావరకు కుక్కే.

మూలం తెలిస్తే మందు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. అమెరికాలో కుక్కలకు ఏండ్ల తరబడి టీకాలు వేసి, కుక్కల రకం తమ దేశంలో లేకుండా పోయిందని 2007లో ప్రకటించినారు. గబ్బిలాలు, రకూన్లు మోసే రకాలు అక్కడ ఇంకా ఉన్నవి. వైరస్ రకాలను వేరుగా గుర్తించే విద్య లేకపోతే ఆ గెలుపు తెలిసేదే కాదు. వీధికుక్కలలో నూటికి 70కి టీకా పడితే రోగపు గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను తొలగించాలని మన కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రణాళిక ప్రకటించింది. కుక్కలను కొట్టి చంపితే పని కాదు. ఖాళీ అయిన జాగాలోకి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి.

ఇక మనం చేయవలసినవి. కుక్క, పిల్లి, కోతి ఏది కరిచినా, రక్కినా వెంటనే సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగండి. వైరస్ పైపొర కొవ్వుతో అయినది. సబ్బు ఆ కొవ్వును కరిగిస్తుంది. కారం, సున్నం, పసర్లు పెట్టకండి. అదే రోజు దవాఖానకు పోండి. గాయం లోతుగా ఉంటే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ గాయంలోకి ఎక్కించమని అడగండి. కుక్క కనబడుతూ ఉంటే పదిరోజులు గమనించండి, కాని టీకా మొదలుపెట్టిన తరువాతనే. పిచ్చి బయటపడకముందే చొంగలో వైరస్ ఉండవచ్చును. కనుక "మంచి కుక్కే" అన్న ధీమా పనికిరాదు. తాయెత్తు కట్టించుకోవడం ఎవరి నమ్మకం వారిది. సబ్బు, సూది మాత్రం ముందు జరగాలె.

సంఘానికి ఒక మనవి. బక్రీద్ నాడూ, పెండ్లి దావతుల తరువాతనూ మిగిలిన వ్యర్థాలు వీధిలో పడకుండా గుంట తీసి పూడ్పించే ఏర్పాటు చేయాలె. పశువైద్యశాఖ వారిని పిలిపించి, మన మొహల్లా కుక్కలకు ఏడాదికొకసారి టీకాలు వేయించాలె.

లోకంలో ఈ రోగంతో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో నూటికి 40 మంది వరకు పదిహేనేండ్ల లోపు పిల్లలే. పిల్లలు తిడతారేమోనని కాటును దాచిపెడతారు. అందుచేత తల్లిదండ్రులకు మా చివరి మాట: కుక్క కరిచిందని చెప్పిన బిడ్డను కోప్పడకండి. చెప్పినందుకు మెచ్చుకోండి, చేయి పట్టుకొని నల్లా దగ్గరికి తీసుకపోండి.