పిడికెడు బియ్యము – నూతన మనస్సు



ఈ నూరేండ్ల పండుగ దినములలో మన పెద్దలు కట్టిన దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను లెక్కించుకొని దేవుని స్తుతించుచున్నాము. అది తగినదే. అయితే ఈ పూట మనము లెక్క చూచుకొనవలసినది మరియొకటి కలదు. ఈ నూరేండ్లలో మన యిండ్లలో ఏమి మారినది? మన మాటలో, మన కొలతలో, మన కోపములో ఏమి మారినది?

రోమా పత్రిక 12వ అధ్యాయము 2వ వచనములో అపొస్తలుడైన పౌలు, మనస్సు క్రొత్తదగుటచేత విశ్వాసి రూపమే మారవలెనని హెచ్చరించుచున్నాడు. గ్రీకు మూలములో అచ్చట వాడబడిన క్రియ, కొండమీద ప్రభువు రూపాంతరమును గూర్చి మత్తయి, మార్కు వాడిన క్రియయే. అది ఒక్కసారి జరిగి ముగియు పనిని గాక, జరుగుచునే యుండు పనిని తెలుపును. బాప్తిస్మము ఒక్క దినమున పొందుదుము. రూపాంతరము ప్రతిదినము పొందవలెను. దానిని చేయువాడు దేవుడు. లోబడుట మన వంతు.

తెలుగు సంఘ చరిత్ర దీనికి సాక్షి. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైన వి. ఎస్. అజరయ్యగారు 1909లో మిషనెరీగా దోర్నకల్ వచ్చి, మన భాష నేర్చుకొని, 1912లో బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనయే. ఆయన కాలమున సంఘములో చేరినవారిలో అధికులు దళిత కూలివారు. చాలమందికి అక్షరము రాదు. అయినను 1920, 1930 దశకములలో ఇతర కులములవారు అనేకులు ప్రభువువైపు తిరుగుటకు, తమ పొలములలో పనిచేయు ఈ క్రైస్తవుల మారిన నడవడి ఒక ముఖ్య కారణమాయెను. పుస్తకము చదువలేనివారి బ్రతుకును ఊరంతయు చదివినది.

మన తల్లులకు గ్రీకు రాకపోయినను ఈ సంగతి తెలియును. పొయ్యిమీద ఎసరు పెట్టి, చేటలో బియ్యము పోసికొని, అందులోనుండి పిడికెడు తీసి దేవునికని ఉంచిన కుండలో వేసెడివారు. తిని మిగిలినది కాదు, వండకముందే తీసినది. ఒక పూట పిడికెడు ఎవరి కంటికిని ఆనదు. ఆదివారమునాటికి కుండ నిండును. నూతన మనస్సు కూడ ఆలాగే నిండును.

ఇతరులకు చెప్పుచు మా సంగతి దాచుకొనుట న్యాయము కాదు. వేదాంత కళాశాలలో చదువు ముగించి మొదటి పాస్టరేటులో ఉన్న దినములవి. ఒక శనివారము సాయంత్రము ఇదే వాక్యముపై ప్రసంగము సిద్ధపరచుకొనుచుంటిమి. గుడి ఊడ్చి గంట కొట్టు పెద్దాయన ఆలస్యముగా వచ్చిరి. పిల్లలు చూచుచుండగా, తండ్రి వయస్సుగల ఆయనను నీవు అని గద్దించితిమి. ఆయన మారుపలుకక చీపురు అందుకొనిరి.

మరునాడు మా ప్రసంగము బాగున్నదని అనేకులు చెప్పిరి. అయితే ప్రభువు బల్లయొద్ద ఆయన మోకరించి చేతులు చాచగా, ఆ అరచేతిలో రొట్టె ఉంచుచు మా చేయి వణికినది. మధ్యాహ్నము ఆయన గుడిసెకు వెళ్లి క్షమాపణ అడిగితిమి. ఆయన నులకమంచము వాల్చి, “కూర్చోండి అయ్యగారూ. మనుమరాలికి జ్వరము, అందుకే నిన్న ఆలస్యమయింది” అనిరి. ఆ కారణమును మేము అడుగనేలేదు!

అంతటితో మారిపోతిమని చెప్పలేము. కొన్ని వారములకు ఆయనకు మరల ఆలస్యమైనది. మా కోపము మరల నాలుకవరకు వచ్చినది. ఆ దినము మాత్రము, “ఇంట్లో అందరు కులాసాయేనా అండీ?” అని అడుగగలిగితిమి. అది పిడికెడే. అయినను ప్రభువు కృప లేనిదే ఆ పిడికెడైనను మాకు లేదు.

ప్రియులారా, రేపు ఈ పందిళ్లు విప్పుదురు. దుకాణములో తక్కెడ పట్టువారికి, కూలివానికి జీతమిచ్చువారికి, కోడలిని పిలుచు అత్తగారికి, ఒకే బల్లయొద్ద పాలు పొందుచు ఏండ్ల తరబడి మాటలాడుకొనని సంఘ పెద్దలకు, రేపటి పొయ్యి వెలుగకముందే తీసి ఉంచవలసిన పిడికెడు ఒకటి ఉన్నది. అది ఏదో ఎవరికి వారికి తెలియును. దానిని రేపే తీయుదము. రాబోవు నూరేండ్లకు మన బిడ్డల చేతికి నిండిన కుండను అప్పగింప ప్రభువు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.