ఎకరం తాకట్టు పెట్టే ముందు కాలేజీని ఏమడగాలి?

(హనుమాన్ జంక్షన్‌లో జరిగిన రైతు సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధాన్యం డబ్బుల గురించీ, కాలవ శివారు నీళ్ళ గురించీ ఇందాక మాట్లాడుకున్నాం. నన్నేమో ఇంజనీరింగ్ కాలేజీల గురించి చెప్పమన్నారు. "రైతు సంఘంలో ఇదేం గోల" అని వెనక ఎవరో అన్నారు, వినపడింది. ఏం చేస్తాం బాబాయ్, మన ఊళ్ళల్లో ఈ మధ్య రాసే నోట్లు చూడండి. ఒకప్పుడు ఎరువుల బాకీకో, ఆడపిల్ల పెళ్ళికో రాసేవాళ్ళం. ఇప్పుడు పిల్లల బీటెక్ ఫీజుకి రాస్తున్నాం. పొలం ఏ దారిన పోయినా అది మన సంఘం విషయమే.

నేను పదో తరగతితో ఆపేసినవాణ్ణి. కంప్యూటర్ గురించి మీకు పాఠం చెప్పలేను. కంపెనీల్లో పనిచేస్తున్న మన రైతుల పిల్లలకి ఫోన్లు చేసి అడిగాను. వాళ్ళు చెప్పింది మన లెక్కలో చెప్తాను.

కంపెనీ మనిషిని తీసుకోవడం రెండు రకాలు. ఒకటి, కొనేవాడు కళ్లం దగ్గరికే రావడం. దీన్నే క్యాంపస్ అంటారు. రెండోది, మన సరుకు మనమే యార్డుకి మోసుకెళ్ళి చూపించుకోవడం. దీన్ని ఆఫ్ క్యాంపస్ అంటారు. రోడ్డు పక్క చేలో ధాన్యం, డొంక లోపల చేలో ధాన్యం ఒకే ఎంటీయూ 1061 అయినా లారీ ముందు ఎక్కడ ఆగుతుందో మీకు తెలుసు. కాలేజీ పేరు చేసే పని అంతే. గింజని మార్చదు, లారీని ఆపుతుంది. అలాగని అది చిన్న పనేమీ కాదు. గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్ లాంటి పెద్ద కంపెనీలు మంచి జీతం ఇచ్చే ఉద్యోగాలకి ముందు వెళ్ళేది ఐఐటీలకి, ఎన్‌ఐటీలకి, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి. ఐఐటీలన్నీ కలిపి 2024లో ఉన్న సీట్లు 17,740. ఆ ఏడాది జేఈఈ మెయిన్ రాసినవాళ్ళు సుమారు 14 లక్షల మంది. కాబట్టి "మావాడికి ఐఐటీ రాలేదు" అని ఇంట్లో ఏడుపులు పెట్టుకోవద్దు. రాకపోవడమే మామూలు.

ఐఐటీ రాని పిల్లవాడి కోసం మనం చేసే ఖర్చు దగ్గరే అసలు చిక్కు ఉంది. ప్రైవేటు కాలేజీలో నూటికి 70 సీట్లు కన్వీనర్ కోటా, 30 మేనేజ్‌మెంట్ కోటా. ర్యాంకుకి ఒక మోస్తరు కాలేజీలో కన్వీనర్ సీటు వస్తుంది. అది కాదని, పేరున్న కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు కొంటాం. నాలుగేళ్ళకి ఆరు లక్షలు అనుకోండి. 2025-26 మద్దతు ధర మామూలు రకానికి క్వింటాకి 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తా 1,777. ఆరు లక్షలంటే 338 బస్తాలు. ఎకరానికి 30 బస్తాల చొప్పున పదకొండు ఎకరాల పంట, అదీ దమ్ము, కోత, ఎరువు, కౌలు ఏమీ తీయకుండా.

ఆ డబ్బుతో కొన్నదేమిటి? ఆ పేరున్న కాలేజీకి వచ్చేవాటిలో ఎక్కువ భాగం టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో లాంటివే. కాంట్రాక్టుకి పని చేసి పెట్టే కంపెనీలు. కొత్తవాడికి వాళ్ళిచ్చే మొదటి జీతం పదేళ్ళకి పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయింది. టీసీఎస్ అయితే దేశమంతటికీ ఒకే పరీక్ష పెడుతుంది. ఏ కాలేజీ పిల్లవాడైనా రాయొచ్చు. పదిలో, ఇంటర్లో, బీటెక్‌లో 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగులు పేరుకుపోయి ఉండకూడదు. అంటే మోస్తరు కాలేజీ నుంచి ఊరికే రాసుకోగలిగే పరీక్ష కోసం మనం ఆరు లక్షలు పోస్తున్నాం.

ఇంకో లెక్క. ఆ ఆరు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి వడ్డీయే 12 వేలు. పిల్లవాడి జీతం కాగితం మీద నెలకి 28 వేలు. హైదరాబాదులో హాస్టలు, తిండి, బస్సు పోను వాడు ఇంటికి పంపేది వడ్డీకి సరిపోదు, అసలు అలాగే ఉంటుంది. పైగా ఆ ఉద్యోగం ఖాయమా? 2023-24లో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింట్లో కలిపి ఉద్యోగులు దాదాపు 64 వేల మంది తగ్గారు.

మరి ఏం చేయాలంటారా? పక్కనే ఉన్నది చూడండి. నూజివీడు ట్రిపుల్ ఐటీ మనకి ఎంత దూరం? మామిడికాయల ఆటో వెళ్ళినంత దూరం. 2008లో పల్లెటూరి పిల్లల కోసం పెట్టారు. పదో తరగతి మార్కుల మీద సీటు, ప్రభుత్వ బడి పిల్లలకి అదనపు వెయిటేజీ, ఆరేళ్ళు అక్కడే ఉండి చదువు. ఇంటర్ కోచింగుకి బెజవాడలో పోసే లక్షలు మిగులుతాయి. అక్కడ లెక్చరర్ పోస్టులు కాంట్రాక్టు మీద నడపొద్దని, రెగ్యులర్‌గా నింపమని మనం అడగాలి. ఇది మన కాలేజీ. దీని గురించి మనం ధర్నా చేయకపోతే ఇంకెవరు చేస్తారు?

"మరి సత్య నాదెళ్ళ?" అంటారు. నిజమే, మైక్రోసాఫ్ట్ పెద్ద మణిపాల్‌లో చదివారు, అడోబ్ పెద్దగా పనిచేసిన శంతను నారాయణ్ ఉస్మానియాలో చదివారు. ఇద్దరిదీ ఐఐటీ కాదు. అయితే ఇద్దరూ ఆ తర్వాత అమెరికా వెళ్ళి పై చదువులు చదివారు. నాదెళ్ళ వారి నాన్నగారు యుగంధర్ గారు ఐఏఎస్. కౌలు రైతు బిడ్డకి ఆ వెనక బలం లేదు కదా. ఆ బిడ్డకి రెండో మెట్టు గేట్ పరీక్ష. ఏ కాలేజీలో బీటెక్ చదివినా గేట్‌లో మంచి స్కోరు వస్తే ఐఐటీలో ఎంటెక్ చేయొచ్చు, నెలకి 12,400 రూపాయలు స్టైపెండ్ కూడా ఇస్తారు. అప్పుడు ఆ లారీ వీడి దగ్గరా ఆగుతుంది. ఈ సంగతి మన ఊళ్ళల్లో పదిమందిని అడిగితే ఒక్కరికి తెలియదు.

గూగుల్ లాంటి కంపెనీ పిలిచాక మాత్రం కాలేజీ పేరు గడప దగ్గరే ఆగిపోతుందట. డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్ మీద గంటలకొద్దీ ప్రశ్నలు. అక్కడ ప్రోగ్రాం రాసి చూపించాల్సింది పిల్లవాడే. ఫోన్లో ఒకమ్మాయి నాతో అంది: "పెదనాన్నా, మొదటి ఉద్యోగానికే కాలేజీ అడిగారు, రెండోదానికి ఏం పని చేశావని అడిగారు."

ఇక కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు గేటు, బిల్డింగు, ఏసీ చూసి రావద్దు. విత్తనం సంచి మీద బొమ్మ చూసి కొంటామా? మొలక శాతం అడుగుతాం. అలాగే అడగండి. కిందటేడాది మీ బ్రాంచిలో ఎంతమంది చదివారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది? ఫ్లెక్సీ మీద నలభై లక్షలని వేసినవాడు ఒక్కడు, మిగిలినవాళ్ళలో మధ్యవాడి జీతం ఎంత? ఆఫర్ కాగితాలు ఎన్ని, చేరినవాళ్ళు ఎందరు? ఒకే పిల్లవాడికి మూడు ఆఫర్లు వస్తే మూడు ఉద్యోగాలుగా లెక్క చూపించే కాలేజీలున్నాయి. కాగితం మీద ఇవ్వమనండి. ఇవ్వనంటే లేచి వచ్చేయండి.

అప్పు తప్పకపోతే ముందు బ్యాంకుకి వెళ్ళండి. మెరిట్ మీద వచ్చిన సీటుకి ఏడున్నర లక్షల దాకా పొలం తాకట్టు లేకుండా ఇవ్వడానికి కేంద్రం గ్యారంటీ పథకం ఉంది. మేనేజరు పాస్‌బుక్ తెమ్మంటే సంఘానికి చెప్పండి, నలుగురం వెళ్దాం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి. ఏ పార్టీ వచ్చినా ఇది ఆలస్యమే. బకాయి పెట్టేది ప్రభుత్వం, హాల్‌టికెట్ ఆపేది మన పిల్లలకి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ చెప్పింది. అలా ఆపిన కాలేజీల మీద అర్జీలు పెడదాం. బకాయిలు విడుదల చేయమని, ప్రతి కాలేజీ ప్లేస్‌మెంట్ లెక్కలు బ్రాంచివారీగా ఆడిట్ చేయించి బయటపెట్టమని తీర్మానం రాసి తెచ్చాను. అధ్యక్షులు చదివి వినిపిస్తారు.

చివరగా కౌన్సెలింగ్ మాట. ఆప్షన్లు పెట్టేటప్పుడు పిల్లవాడి పాస్‌వర్డ్ ఏజెంటుకి గానీ, కాలేజీ తరఫున ఇంటికొచ్చిన మనిషికి గానీ చెప్పకండి. వాడు తన కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టేసి, మీకు ఫోన్ చేసి "సీటొచ్చింది" అంటాడు. ఆ వారం రోజులు మన సంఘం ఆఫీసులో ఇద్దరు కుర్రాళ్ళు ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటారు, పైసా అక్కర్లేదు. ర్యాంకు కార్డు, పిల్లవాడి ఫోను తీసుకుని పొద్దున తొమ్మిదికల్లా రండి. పిల్లల్ని కూడా తీసుకురండి, ఆప్షన్ నొక్కాల్సింది వాళ్ళే.