బడి ఒక కుటుంబమైతే చీపురు ఎవరి చేతికిస్తున్నారు?

(బళ్లు తెరిచే ముందు రెండు పల్లెల తల్లిదండ్రులు గుడి అరుగు మీద కూర్చున్నప్పుడు, ఆ బళ్లోనే చదువుకుని ఇప్పుడు పంతులమ్మగా పనిచేస్తున్న ఒక అక్క చేసిన ప్రసంగం ఇది. మిగతా పల్లెల్లో కూడా చదివి వినిపించమని కార్యకర్తలను కోరుతున్నాం.)

 

పొద్దుటినుంచీ కూలికెళ్లి వచ్చి, కాళ్లు కడుక్కుని నేరుగా ఇక్కడికే వచ్చి కూర్చున్నారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను. కానీ ఈ మాట ఇవాళ మాట్లాడుకోకపోతే మళ్లీ ఏడాది దాకా మాట్లాడుకోం. వచ్చే వారం మన ఆర్.సి.యం. బడి తెరుస్తారు. పిల్లలకి పలకలు కొంటున్నాం, సంచులు కొంటున్నాం, అప్పు చేసి బూట్లు కూడా కొంటున్నాం. బడి గేటు దాటి లోపలికెళ్లాక మన పిల్ల అక్కడ ఎట్లా బతుకుతుందో ఎప్పుడన్నా అడిగామా?

బడి తెరిచిన రోజు పూజ ఉంటుంది. ప్రతి ఏడూ స్వాములోరు ఒక మాట చెబుతారు. "మన బడి ఒక కుటుంబం" అంటారు. నోటీసు బోర్డు మీద కూడా అదే రాసి ఉంటుంది. మంచి మాట. ఆ మాటను ఎగతాళి చెయ్యటానికి నేను రాలేదు. ఆ మాట ప్రకారమే నడవమని అడుగుదాం అని చెప్పటానికి వచ్చాను.

ముందు మనకి జరిగిన మేలు ఒప్పుకుందాం. మా తాత వేలిముద్ర వేసేవాడు. మా అమ్మ సంతకం చేసేది. నేను పంతులమ్మనయ్యాను. ఈ మూడు తరాల మధ్యన ఉన్నది ఆ బడే. ఊళ్లో బడి అరుగు మనల్ని ఎక్కనివ్వని రోజుల్లో అక్కడ మన చేతికి పలక ఇచ్చారు. దాన్ని కాదంటే మనకే పాపం.

కానీ బళ్లో పిల్ల నేర్చుకునేది పుస్తకంలో ఉన్నది ఒక్కటే కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ చిన్నప్పుడు బడికి తన గోనెపట్టా తనే తీసుకెళ్లి విడిగా కూర్చునేవారు. కుళాయి ముట్టుకోవటానికి లేదు. బంట్రోతు తిప్పితేనే నీళ్లు. బంట్రోతు రాకపోతే ఆ రోజుకి నీళ్లు లేవు. పెద్ద చదువులు చదివి, రాజ్యాంగం రాసే స్థాయికి ఎదిగిన మనిషి కూడా ఆ సంగతి మర్చిపోలేదు, కాగితం మీద పెట్టారు. ఎక్కడ కూర్చోబెట్టారు, నీళ్లు ఎవరు పోశారు, ఎవరి పక్కన అన్నం తిన్నాం అనేది కూడా చదువే. ఆ చదువు ఎవరూ మర్చిపోరు.

నా సంగతి చెబుతాను. మూడో తరగతిలో క్రిస్మస్ నాటకం వేశారు. మరియమ్మ మాటలు మొత్తం నాకు నోటికొచ్చు. మా అమ్మ తెల్లచీర కొంగు చింపి ముసుగు కూడా కుట్టింది. మరియమ్మ వేషం ఊళ్లో పెద్దకులం కథోలికుల పిల్లకిచ్చారు. ఆ పిల్లకి మాటలు రావు, తెర వెనక నుంచి నేనే అందించాను. నన్ను గొర్రెల కాపరిని చేశారు. "నీ రంగుకి అదే బాగుంటుంది" అన్నారు. యేసు పుట్టిన కబురు మొదట అందింది గొర్రెల కాపరులకేనని తర్వాత నేను చదువుకున్నాను. ఆ రోజు మాత్రం, మరియమ్మ మన పల్లెలో పుట్టదు అని నేర్చుకున్నాను. నాకు ఎనిమిదేళ్లు.

అది పాత సంగతి అంటారు. సరే, కొత్త సంగతి చెబుతా.

పోయినేడు సంక్రాంతి సెలవులయ్యాక మన పల్లె తల్లి ఒకామె నా దగ్గరికొచ్చింది. కూతురు నాలుగో తరగతి. "అక్కా, పిల్ల చేత్తో అన్నం కలపట్లేదు. చెయ్యి వాసనొస్తోంది అంటోంది" అంది. పిల్లని పిలిచి అడిగితే ముందు చెప్పలేదు. చివరికి చెప్పింది. ఫినాయిలు వాసన. మరుగుదొడ్లు కడిగే వంతంట.

మర్నాడు ఐదుగురు తల్లులం బడికెళ్లాం. గోడ మీద చార్టు ఉంది, రంగు కాగితాలతో అందంగా అంటించారు. పూల బృందం, పాటల బృందం, వాక్యం చదివే బృందం, సేవా బృందం. సేవా బృందంలో పదిమంది పేర్లు. తొమ్మిదిమంది మన రెండు పల్లెల పిల్లలు. పదోవాడు యానాదుల పిల్లోడు. పూల బృందంలో మన పిల్ల ఒక్కతి కూడా లేదు. బలిపీఠం మీద పూలు పెట్టే చేతులు వేరు, దొడ్లు కడిగే చేతులు వేరు. ఎవరూ కులం పేరు రాయలేదు. రాయాల్సిన అవసరం కూడా లేదు.

సిస్టరమ్మ కోప్పడలేదు. నిదానంగానే చెప్పారు. "అది సేవ అమ్మా. సేవ చేస్తే పిల్లలకి వినయం వస్తుంది" అన్నారు. మాతో వచ్చిన ఒక తల్లి, జీవితంలో బడి ముఖం చూడని మనిషి, ఏమందో తెలుసా? "అమ్మా, వినయం మా పిల్లలకి మా కడుపులో ఉండగానే నేర్పారు. రానివాళ్లకి నేర్పండి" అంది.

ఆ మాట తర్వాత నేను చెప్పాల్సింది పెద్దగా లేదు. ఒక్కటే అడిగాను. ఈస్టరుకి ముందు గురువారం గుళ్లో స్వాములోరు పన్నెండుమంది కాళ్లు కడుగుతారు కదా. ఎవరు ఎవరి కాళ్లు కడుగుతున్నారు? పైనున్నవాడు వంగి కిందున్నవాళ్ల కాళ్లు కడిగాడు. దాన్ని సేవ అన్నారు. కిందున్నవాడి చేత ఇంకా కిందకి వంగి కడిగిస్తే దాన్ని మన ఊళ్లో వెట్టి అంటారు.

వారం లోపల ఆ చార్టు తీసేశారు. హాజరు పట్టీ వరసలో అందరికీ అన్ని పనులూ వచ్చేట్టు కొత్తది పెట్టారు. పిల్లల చేత మరుగుదొడ్లు కడిగించటం మానేసి జీతానికి మనిషిని పెట్టారు. ఆ మనిషి కూడా మన పల్లె మనిషే. అది ఇంకో పోరాటం. కానీ మన పిల్ల చేత్తో అన్నం కలుపుకుంటోంది. ఐదుగురు తల్లులు వెళ్తే అయిన పని ఇది.

మరి ఇవాళ మళ్లీ ఎందుకు కూర్చున్నాం? ఎండాకాలంలో సిస్టర్లకీ స్వాములోర్లకీ బదిలీలవుతాయి. చార్టు తీసేసిన సిస్టరమ్మ వెళ్లిపోయారు. కొత్తావిడ వచ్చారు. పాత చార్టు బీరువాలోనే ఉంటుంది. నోటిమాట మనిషితో పాటు వెళ్లిపోతుంది. అందుకే ఈసారి కాగితం మీద కావాలి, మొదటి రోజే కావాలి.

"చట్టం లేదా అక్కా, కేసు పెట్టొచ్చు కదా" అని కుర్రాళ్లు అడుగుతున్నారు. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బళ్లలో ఒకటో తరగతి సీట్లలో నాలుగో వంతు పేద, బలహీన వర్గాల పిల్లలకి ఇవ్వమంది. 2014 మే 6న సుప్రీంకోర్టు, మైనారిటీల బళ్లకి ఆ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు జడ్జీలు ఆ తీర్పు సరైనదేనా అని అనుమానం వెలిబుచ్చి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందుంచారు. కోర్టు తేల్చేసరికి మన పిల్లల ఐదో తరగతి అయిపోతుంది. మైనారిటీ హక్కు మనం కాదనం. ఆ హక్కు ఉండాలి. కానీ ఆ మైనారిటీలో మనం కూడా ఉన్నాం. మన తలలు లెక్కపెట్టుకునే కదా ఆ బడి మైనారిటీ బడి అయింది!

ఇంకోటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే ఎస్సీ. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మన దగ్గర ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లని బి.సి. 'సి' గ్రూపులో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. మతాన్ని బట్టి ఎస్సీ హోదా ఆపకూడదని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. అమలు చెయ్యలేదు. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ గారితో మళ్లీ కమిషన్ వేసింది. ఊళ్లో మనం గుడికెళ్లినా మాలోడు మాలోడే, మాదిగోడు మాదిగోడే. కాగితం మీద మాత్రం కాదు. అందుకని బళ్లో చేర్పించేటప్పుడు దరఖాస్తులో కులం గడి, మతం గడి ఆఫీసులో ఎవరో నింపేస్తుంటే ఊరుకోవద్దు. మీరు చెప్పిందే రాయించండి. సంతకమో వేలిముద్రో వేసేముందు బయటికి చదివించుకోండి. ఆ ఒక్క గడి పదేళ్ల తర్వాత పిల్ల స్కాలర్‌షిప్పు దగ్గర ఎదురొస్తుంది.

చట్టం ఇంత దూరంలో ఉంటే మన చేతిలో ఏముంది? వాళ్ల మాటే మన చేతిలో ఉంది. 2016 డిసెంబరులో దేశంలోని కథోలిక పీఠాధిపతుల మండలి దళితుల కోసం ఒక విధాన పత్రం తెచ్చింది. సంఘంలో కులవివక్ష, అంటరానితనం ఉన్నాయని ఒప్పుకుంది, పోవాలంది. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. కర్నూలు ప్రాంతంలో పుట్టిన మన మనిషి, దళితుల్లోంచి వచ్చిన మొదటి కార్డినల్. రోములో ఎర్రటోపీ మన తలకొచ్చింది. మన ఊరి బళ్లో చీపురు మన చేతిలోంచి ఎందుకు పోదు? ఈ ప్రశ్న అడగటానికి లాయరు అక్కర్లేదు.

ఇప్పుడు మన తప్పు కూడా చెప్పుకోవాలి. కోపం రావచ్చు, అయినా వినండి. కొత్త చార్టు వచ్చిన నెలకే మన తల్లులు ఇద్దరు నా దగ్గరికొచ్చారు. ఒకామె, "మా పిల్లని ఆ పల్లె పిల్లతో జత కట్టారు, మార్పించు" అంది. రెండో ఆమెకి యానాదుల పిల్లోడి పక్కన అన్నానికి కూర్చోబెట్టటం నచ్చలేదు. పెద్దకులపోళ్లు మన పట్ల చేసిందే మనం ఇంకొకళ్ల పట్ల చేస్తే సిస్టరమ్మ ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడతాం? ఈ అరుగు మీద కూడా చూడండి. ఆ పల్లె అటు, ఈ పల్లె ఇటు కూర్చున్నాం. మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ. ముందు ఆ ఖాళీలో ఎవరన్నా వచ్చి కూర్చోండి.

భయం కూడా ఉంది, నాకు తెలుసు. "ఫీజు తగ్గించారు, నోరెత్తితే పిల్లని తీసేస్తారు" అని ఒకాయన అన్నాడు. బడికి కష్టాలున్నాయి. ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అయితే నింపరు. 2021లో ప్రభుత్వం ఎయిడెడ్ బళ్లను తనకి అప్పజెప్పమని ఒత్తిడి పెట్టినప్పుడు బడి పోతుందేమోనని మనమే ముందు భయపడ్డాం. బడి బతకాలనే మనం కోరుకుంటాం. అందుకే ఒక్కడివే వెళ్లొద్దు. ఒక్కడు వెళ్తే ఫిర్యాదు. నలభై ఇళ్లు వెళ్తే కుటుంబం.

మొదటి రోజు పూజ అయ్యాక అందరం అక్కడే ఉండి, కొత్త సిస్టరమ్మకి దండం పెట్టి ఈ ఐదు కోరికలు రాతలో ఇద్దాం.

ఒకటి. పనుల వంతులు హాజరు పట్టీ వరసలో ఉండాలి. పూలు, పాట, వాక్యం, చీపురు అన్నీ అందరికీ రావాలి. మరుగుదొడ్డి ఏ పిల్ల చేతా కడిగించకూడదు.

రెండు. మధ్యాహ్నం ఒకే వరసలో, తరగతి వారీగా కూర్చుని తినాలి. ఇంటి క్యారేజీ తెచ్చుకున్నవాళ్లు కూడా అదే వరసలో కూర్చోవాలి. వంటకి మనిషిని పెట్టేటప్పుడు దళితులకి ప్రాధాన్యం ఇవ్వమని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ గుర్తు చేద్దాం.

మూడు. నాటకంలో వేషాలు పాఠం వచ్చినవాళ్లకి ఇవ్వాలి. రంగు చూసి, ఇంటిపేరు చూసి ఇవ్వకూడదు.

నాలుగు. తల్లిదండ్రుల కమిటీలో రెండు పల్లెల నుంచీ, యానాది కాలనీ నుంచీ తల్లులు ఉండాలి. చదువు రాదనే వంక పెట్టకూడదు.

ఐదు. నెలకోసారి ఆ కమిటీ కూర్చోవాలి. ఏం అనుకున్నదీ పుస్తకంలో రాయాలి. సిస్టరమ్మ మారినా పుస్తకం మారదు.

ఇవి పెద్ద కోరికలు కావు. డబ్బులడగట్లేదు, సీట్లడగట్లేదు. గోడ మీద రాసిన మాట నిజం చెయ్యమని అడుగుతున్నాం. ఏ కుటుంబంలోనైనా అమ్మ ఒక పిల్లకి పూలు పెట్టి, ఇంకో పిల్ల చేతికి ఫినాయిలు డబ్బా ఇస్తుందా? ఇస్తే ఆ రెండో పిల్ల ఆ ఇంటి పిల్ల కాదన్నమాట.

మా అమ్మ కుట్టిన ఆ తెల్లముసుగు ఇంకా మా పెట్టెలో ఉంది. ఈ క్రిస్మస్‌కి నాలుగో తరగతి దాటి ఐదుకొచ్చిన మన పిల్లకి అది ఇస్తాను. మాటలు ఇప్పటినుంచే నేర్పుతున్నాను. వేషం ఇస్తారా ఇవ్వరా అనేది మనం మొదటి రోజు ఎంతమందిమి వెళ్తామో దాన్ని బట్టి ఉంటుంది.

కాగితం ఇక్కడే ఉంది. సంతకం వచ్చినవాళ్లు సంతకం చెయ్యండి, రానివాళ్లు వేలిముద్ర వెయ్యండి. వేలిముద్ర వేసిన తాతల పిల్లలమే మనమంతా.

జై భీమ్!